సిమ్యులేషన్ పూర్తవకముందే వేవ్‌ఫామ్ చూడొచ్చా?

చూడొచ్చు, సర్క్యూట్‌లో వోల్టేజీ, కరెంటు కాలంతోపాటు ఎలా మారతాయో లెక్కగట్టే ట్రాన్సియెంట్ సిమ్యులేషన్ నడుస్తుండగానే అప్పటివరకు వచ్చిన వేవ్‌ఫామ్ (ఆ మార్పును చూపే గీత) చూడొచ్చు, అది నమ్మదగినదే. సిమ్యులేటర్ కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా లెక్కగడుతూ ముందుకే పోతుంది. ఒక అడుగు లెక్క కుదిరాకే తర్వాతి అడుగు వేస్తుంది, పాతదాన్ని మళ్లీ దిద్దదు.

ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్‌లో రన్ నడుస్తుండగా స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) వైరు మీద క్లిక్ చేస్తే చాలు, గీత కళ్లముందే సాగుతుంది. ఎన్‌జీస్పైస్ అనే ఇంకో సిమ్యులేటర్‌లోనైతే కంట్రోల్-సీ నొక్కి ఆపి, ప్లాట్ చూసుకుని, రిజ్యూమ్ అంటే ఆగినచోటి నుంచే మొదలవుతుంది.

ఉదాహరణకు 12 వోల్టులను 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్‌ని 20 మిల్లీసెకన్లకు రన్ చేశారనుకుందాం. 3 మిల్లీసెకన్ల దగ్గరే అవుట్‌పుట్ 5 దాటి 9కి ఎక్కి అక్కడే కూర్చుంటే అవుట్‌పుట్ ఎంతుండాలో నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు తేడాగా ఉండొచ్చు. గంటసేపు కాచుకోవడం దండగ, ఆపేయండి. మధ్యలో ఆపితే డేటా అంతా పోతుందని చాలామంది భయం. ఎల్‌టీస్పైస్‌లో అప్పటివరకు వచ్చింది అలాగే ఉంటుంది.

సగం వేవ్‌ఫామ్ అంటే ఉజ్జాయింపు అనుకోవడం ఇంకో పొరపాటు. జాగ్రత్త పడాల్సింది సగటు, ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం), ఎఫ్‌ఎఫ్‌టీల (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే లెక్క) విషయంలో: సర్క్యూట్ ఇంకా నిలకడకు రాకముందే తీస్తే అవి తప్పుదారి పట్టిస్తాయి.