ఉప్పు ఎంత వేయాలో కూడా నన్నే అడిగేవారు

పనివాళ్లు ఆరుగురి నుంచి పాతిక మంది అయ్యారు, ప్రతి చిన్నదానికీ నా దగ్గరికే వస్తున్నారు, నాయకత్వం ఎలా నేర్చుకోవాలి అని మీరు అడిగారు. మాది రాజమండ్రి దగ్గర పచ్చళ్ల వ్యాపారం. ఇంట్లో మొదలుపెట్టాను, ఇప్పుడు 26 మంది ఉన్నారు. మీరున్న చోటే నేనూ ఇరుక్కుపోయాను.

ఒక మే నెలలో అమ్మ ఆసుపత్రిలో ఉంటే రెండు రోజులు షెడ్డుకు వెళ్లలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. తిరిగొచ్చేసరికి కొట్టిన మామిడి ముక్కలు దాదాపు 200 కిలోలు నల్లబడిపోయాయి. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె అన్నీ పక్కనే ఉన్నాయి. "మీరు లేకుండా ఎలా కలుపుతామండీ?" అన్నారు. కోపం వచ్చింది. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది, మొదటి నుంచీ నాతో పనిచేస్తున్న అక్క తనంతట తాను ఉప్పు వేశారని అందరి ముందూ అరిచాను. సొంతంగా ఏదీ చేయకూడదని వాళ్లకు నేర్పింది నేనే.

మర్నాడు ఆవిడకు క్షమాపణ చెప్పాను, అదీ అందరి ముందే. అరిచింది పదిమందిలో అయితే గదిలోకి పిలిచి చెబితే చాలదు.

తర్వాత కాటా పెట్టి, నేను చేత్తో వేసే ప్రతిదాన్నీ ముందు తూచాం. పది కిలోల ముక్కలకు ఒకసారికీ ఇంకోసారికీ ఉప్పు 150 గ్రాములు తేడా వచ్చింది! నా చెయ్యే కొలత అనుకుని అన్నాళ్లు వాళ్లను తప్పుపట్టాను. కాయ పులుపును బట్టి ఉప్పు ఎంత, తుడిచాక ఎంతసేపు ఆరాలి, మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఏం చూడాలి, అన్నీ అక్క చెబుతుంటే వాళ్లమ్మాయి రాసింది. గోడకు అంటించాం.

కాయ కొనే పని కూడా ఆవిడకే ఇచ్చాను. మొదటి వారమే కాయ పండుబారిందని ఒక వ్యాను లోడు దించుకోనన్నారు. చేతిలో ఆర్డర్లున్నాయి, నాకు ఒకటే టెన్షన్. డ్రైవర్ నా వైపు చూశాడు. "ఆవిడ ఎలా చెబితే అలా" అని లోపలికి వెళ్లిపోయాను. ఆ లోడు నిజంగా బాగాలేదో ఏమో, నేను చూడలేదు. కాయల సంగతి మాత్రం ఆ తర్వాత ఎవరూ నన్ను అడగలేదు.

మీరు ఒక్క వారం మీ దగ్గరికొచ్చే ప్రతి ప్రశ్ననూ నోట్‌బుక్‌లో రాయండి. మా దగ్గర 43 వచ్చాయి. సగానికి పైగా ఆటో కిరాయి, సీసా మూతల్లాంటి చిన్న ఖర్చులే. 2,000 లోపు ఎవరినీ అడగక్కర్లేదని చెప్పేశాను. పనివాళ్లు 10 మంది ఉంటే ఈఎస్ఐ, 20 మంది ఉంటే పీఎఫ్ అంటూ లెక్కలు చూడటానికి అకౌంటెంట్ దొరుకుతారు. ఈ ప్రశ్నలు రాసుకునే పని మాత్రం మీరే చేయాలి.

మిరపకాయల కొనుగోలు నేనింకా వదల్లేదు. ఏటా మార్చిలో గుంటూరు యార్డుకు నేనే వెళతాను. ఈసారి అక్కనూ తీసుకెళ్లి, ఏ టిక్కీలు (మిర్చి బస్తాలు) కొనాలో ముందు ఆవిడనే చెప్పమన్నాను.