ప్యానెల్ కట్టుకుంటున్న మేనల్లుడికి

చి. అల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బోరు మోటారుకి సొంతంగా ప్యానెల్ కట్టుకోవడం సంతోషమే. తలుపు మీద బటన్లు, ఇండికేటర్ లైట్లు ముచ్చటగా ఉన్నాయి. లోపలి ఫోటో చూశాకే టెన్షన్ పట్టుకుంది. మెయిన్ నుంచి కాంటాక్టర్‌కి (మోటారుకి కరెంటు కలిపి, తెంపే స్విచ్చు), అక్కణ్నుంచి టైమర్‌కి, టైమర్ నుంచి షెడ్డు లైట్లకి... ఒక్కో స్క్రూ కింద మూడేసి వైర్లు. ఆ లూపింగ్ అంతా పీకెయ్.

మెయిన్ స్విచ్ దాటాక మూడు ఫేజుల్నీ ముందు బస్‌బార్‌కి, అంటే అన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీకి, తీసుకురా. ఎంసీబీల (షార్టయితే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) కింద దువ్వెనలా కూర్చునే రకమైనా చాలు. అక్కణ్నుంచి దేని దారి దానిదే. మోటారుకి త్రీపోల్ ఎంసీబీ, కంట్రోల్‌కి (బటన్లు, కాంటాక్టర్ కాయిల్) 2 ఆంపియర్లది, లైట్లకి 6 ఆంపియర్లది. అప్పుడు లైటు వైరు షార్టయితే లైట్ల ఎంసీబీ పడుతుంది, పొలానికి నీళ్లు ఆగవు.

ఎంసీబీ ఉంది కదా, మోటారుకి ఢోకా లేదనుకోకు. అది వైరుకి కాపలా. మోటారుని చూసుకునేది, అది ఎక్కువ కరెంటు లాగితే ట్రిప్పయ్యే ఓవర్‌లోడ్ రిలే. నేమ్‌ప్లేట్ మీద ఎన్ని ఆంపియర్లుంటే రిలే అక్కడ పెట్టు. ట్రిప్పయితే తెరుచుకునే దాని 95-96 కాంటాక్టుని, కాంటాక్టర్‌ని పట్టి ఉంచే కాయిల్ లైన్లో కలపడం మర్చిపోయావో, రిలే ట్రిప్పయినా కాంటాక్టర్ వదలదు.

ఇక న్యూట్రల్. వయసులో ఉన్నప్పుడు ఒక తోటలో ప్యానెల్ కట్టాను. న్యూట్రలే కదా అని దాన్ని మాత్రం లూపులు వేశాను. లైట్లు ఒక ఫేజు మీద, టైమర్ ఇంకో ఫేజు మీద. కొన్నాళ్లకి మొదటి స్క్రూ వదులై న్యూట్రల్ ఊడింది. రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టులూ ఆ రెండింటి మధ్య పడ్డాయి. కరెంటు తక్కువ తినే టైమర్‌కే వోల్టేజీ ఎక్కువ పడి మాడిపోయింది. ఆ డబ్బులు నేనే కట్టాను. అందుకే న్యూట్రల్ లింకు (వైర్లు బిగించే రంధ్రాల పట్టీ) వేరే పెట్టు, ఒక్కో రంధ్రంలో ఒక్కటే వైరు. ఎర్త్‌కి ఇంకో లింకు. తలుపుకీ ఎర్త్ వైరు వెయ్యి, కీళ్లని నమ్మొద్దు.

సన్నపోగుల వైర్లకి ఫెర్రూల్ (కొసకి తొడిగే చిన్న లోహపు గొట్టం) నొక్కు. కొందరు కొసలకి సోల్డర్ పూస్తారు, వద్దు. స్క్రూ ఒత్తిడికి సోల్డర్ మెల్లగా నలిగి పట్టు వదులవుతుంది.

మెయిన్ ఆపినా దాని పై టెర్మినల్స్‌లో కరెంటు ఉంటుంది. చెయ్యి పెట్టేముందు స్తంభం దగ్గర ఫీజులు తీయించి, టెస్టరుతో చూడు.

మార్చాక మళ్లీ ఫోటో పంపు. అన్నట్టు, టైమర్ వెనక నుంచి ఒక నల్ల వైరు కిందకి పోతోంది, అది ఎక్కడికి?

మీ మామయ్య