అడ్రసులోని కామా కాలమ్‌ను జరిపేస్తోంది

ప్రశ్న: మా కాలనీ సంఘం సభ్యుల జాబితాను పైథాన్ ప్రోగ్రాంతో సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామా పెట్టి రాసే మామూలు టెక్స్ట్ ఫైలు) తీస్తున్నాను. అడ్రసులో కామా ఉంటే పిన్‌కోడ్ పక్క కాలమ్‌లోకి పోతోంది. కామా బదులు పైప్ గుర్తు (|) పెట్టమంటున్నారు. మార్చమంటారా?

జవాబు: వద్దండి. తప్పు కామాది కాదు, గడులన్నిటినీ నేరుగా కామాతో అతికించేయడం వల్ల వచ్చింది. సీఎస్‌వీ ఫైళ్లు ఎలా రాయాలో చెప్పే 2005 నాటి సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4180 దీనికి దారి చెప్పింది: గడిలో కామా గానీ, డబుల్ కోట్ గానీ, కొత్త లైను గానీ ఉంటే ఆ గడి మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. లోపల ఉన్న కోట్‌ను రెండుసార్లు రాయాలి. అలా 2వ లైను, గాంధీనగర్ అన్నది "2వ లైను, గాంధీనగర్" అవుతుంది. ఈ పని పైథాన్‌తో వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌లోని రైటర్ చేసిపెడుతుంది. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ ఆప్షన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం మరవకండి. లేదంటే విండోస్‌లో వరుసకొక ఖాళీ వరుస పడుతుంది.

అడ్రసుల్లో పైప్ అరుదే. కానీ ఎవరో ఒకరు టైపు చేసిన రోజున ఇదే తంటా మళ్లీ వస్తుంది. అడ్రసు మధ్యలో ఎంటర్ నొక్కి ఉంటే పైప్ అయినా ట్యాబ్ అయినా కాపాడలేదు, కోట్స్ కావాల్సిందే. రెండు పైపులు (||) కలిపి పెడదామన్నా కుదరదు: పైథాన్ మాడ్యూల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని కాపీ కమాండ్ విభజన గుర్తుగా ఒక్క అక్షరాన్నే ఒప్పుకుంటాయి. ఫైలు అందుకునేవాళ్లు పైప్ కావాలని అడిగితేనే వాడండి, అప్పుడు కూడా రైటర్‌తోనే. పంపేముందు ఫైలును అదే మాడ్యూల్‌లోని రీడర్‌తో తిరిగి చదివించి, ప్రతి వరుసలో గడుల లెక్క హెడర్‌తో సరిపోతోందో చూడండి.

ప్రశ్న: అదే ఫైలు జర్మనీలో ఉన్న మా అబ్బాయి ఎక్సెల్‌లో ఒకే కాలమ్‌గా తెరుచుకుంటోంది. ఎందుకు?

జవాబు: అక్కడ దశాంశానికి కామా వాడతారు. అందుకని విండోస్ ప్రాంతీయ సెట్టింగుల్లో జాబితా విభజన గుర్తు సెమికోలన్‌గా ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ దాన్నే పాటిస్తుంది. డేటా మెనూలోని 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెరిచి, డీలిమిటర్‌గా (విభజన గుర్తుగా) కామా, ఫైల్ ఆరిజిన్‌గా (అక్షరాల ఎన్‌కోడింగ్‌గా) 65001 యూటీఎఫ్-8 ఎంచుకోమనండి. తెలుగు పేర్లు కూడా చెడవు.

డోర్ నంబర్, ఫోన్ కాలమ్‌లను అలా తెరిచేటప్పుడే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. డబుల్ క్లిక్‌తో తెరిస్తే 3-12 అనే డోర్ నంబర్ తేదీ అయిపోతుంది, కోట్స్ ఉన్నా ఆగదు. ఆ స్థితిలో సేవ్ చేశారో, అసలు నంబరు ఫైల్లోంచే పోతుంది.