పండగ ముందు డిస్కు మార్చనివ్వాలా?

ప్రశ్న: మాది పచ్చళ్లు, పొడులు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం. సైటు మేనేజ్డ్ సర్వర్‌లో (అంటే కంపెనీవాళ్లే చూసుకునే సర్వర్‌లో) ఉంది. ‘రెయిడ్‌లోని రెండు డిస్కుల్లో ఒకటి పాడవుతోంది. అర్ధరాత్రి మారుస్తాం, అరగంట సర్వర్ ఆగుతుంది, సరేనా?’ అని కంపెనీవాళ్లు మెయిల్ పెట్టారు. సంక్రాంతి ఆర్డర్ల టైమ్ ఇది. పండగయ్యాక మార్చమనొచ్చా? అమెరికా ఆర్డర్లే ఎక్కువ.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: వద్దమ్మా, వాయిదా వేయకండి. రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒక్కటిగా వాడటం. రెండు డిస్కులైతే మామూలుగా రెయిడ్ 1 అనే రకం. రాసిందల్లా రెండింటి మీదా పడుతుంది కాబట్టి ఒకటి పోయినా సైటు నడుస్తుంది. రెండూ ఒకేసారి బిగించినవైతే రెండోదానికీ అంతే వయసు. పండగ రద్దీలో అదీ మొరాయిస్తే అరగంటతో పోదు.

కాకపోతే అర్ధరాత్రి వద్దనండి. మనకి రాత్రి 12 అంటే ఈ చలికాలంలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మీకు గిరాకీ ఉండే వేళ! మన మధ్యాహ్నం 2 గంటలకు పెట్టమనండి, అక్కడ అందరూ నిద్రలో ఉంటారు.

నేను డేటా సెంటర్‌లో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి. డిస్కు బిగించడం పెద్ద పనేం కాదు, సరైనదాన్ని లాగడమే పని. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. బాగున్నదాన్ని లాగేస్తే మిగిలేది చెడ్డదే. అందుకే జవాబులో ఒక్క ముక్క రాయండి: ‘పాడైన డిస్కు సీరియల్ నంబర్ పంపండి, తీసేముందు స్టిక్కర్‌తో సరిచూడండి.’ తెలిసినవాళ్లెవరూ నొచ్చుకోరు. స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, కూడా అడగండి. హార్డ్ డిస్కయితే అందులో రీఅలొకేటెడ్ (చెడిపోయి పక్కన పెట్టిన), పెండింగ్ (సరిగా చదవలేకపోతున్న) సెక్టర్ల, అంటే డిస్కులోని చిన్న చిన్న భాగాల, అంకెలు పెరుగుతున్నాయంటే దాని పని అయిపోయినట్టే.

అంతకంటే ముందు బ్యాకప్. మేనేజ్డ్ అన్నారు కదాని డేటా పూచీ కూడా వాళ్లదే అనుకోకండి, అగ్రిమెంట్ చదవండి. ఫొటోలు, ఫైళ్లు కాపీ చేసి ఊరుకుంటే చాలదు, మీ ఆర్డర్లుండేది డేటాబేస్‌లో. దాన్ని కూడా ఆ సర్వర్‌లో కాకుండా వేరేచోట దాచి, ఒకసారి తెరిచి చూసుకోండి.

డిస్కు మారాక సైటు కాస్త నెమ్మదిస్తే టెన్షన్ పడకండి. సర్వర్ మిగిలిన పాత డిస్కునంతా చదివి కొత్తదాని మీద రాస్తుంటుంది. 4 టీబీ డిస్కు, సెకనుకు 150 ఎంబీ చొప్పున అయితే దాదాపు ఏడున్నర గంటలు. అది పూర్తయిందని మెయిల్ వచ్చేదాకా పని అయినట్టు కాదు. కొత్త డిస్కు మీద బూట్ లోడర్ (సర్వర్ ఆన్ చేయగానే దాన్ని లేపే చిన్న ప్రోగ్రాం) వేశారా అని కూడా అప్పుడే అడగండి. లేకపోతే రేపు పాత డిస్కు పోయిన రోజున డేటా భద్రంగానే ఉన్నా సర్వర్ లేవకపోవచ్చు.