సిటీ ఫ్లడ్ రూల్స్ మారేలోపు గ్యారేజీని గదిగా మార్చేసుకోవచ్చా?

ప్రశ్న: హ్యూస్టన్ శివార్లలో ఉంటున్నాం. ఇల్లు ఏఈ జోన్‌లో, అంటే వరద ముప్పు ఎక్కువని మ్యాపులో గుర్తించిన ప్రాంతంలో ఉంది. ఫీమా (అమెరికా ఫెడరల్ విపత్తుల నిర్వహణ సంస్థ) ప్రమాణాలకు తగ్గట్టు మా సిటీ ముంపు ప్రాంతాల నిబంధనలు మారుస్తోందట. అమ్మానాన్న వస్తున్నారు, మెట్లెక్కలేరు. కొత్త రూల్ రాకముందే గ్యారేజీని బెడ్‌రూమ్ చేసేసుకుంటే ఇబ్బంది ఉండదా?

జవాబు: తొందరపడకండి. మిమ్మల్ని ఆపేది కొత్త రూల్ కాకపోవచ్చు, ఎప్పట్నుంచో ఉన్నదే కావచ్చు. ఇల్లు కట్టేనాటికే ఆ స్థలం ఫీమా వరద మ్యాపులో ముంపు జోన్‌లో ఉంటే, బేస్ ఫ్లడ్ ఎలివేషన్‌కి (ఏటా ఒక శాతం అవకాశమున్న వరదలో నీళ్లు చేరే మట్టం) దిగువన ఉన్న భాగం కారు పెట్టుకోవడానికి, సామాన్లకి, రాకపోకలకి మాత్రమే. చాలా ఇళ్లలో గ్యారేజీ నేల ఆ మట్టానికి కిందే ఉంటుంది. అక్కడ మంచం వేసి ఏసీ పెడితే నిబంధన ఉల్లంఘించినట్టే. ముందు ఎలివేషన్ సర్టిఫికెట్, అంటే ఇంటి నేల ఎంత ఎత్తులో ఉందో సర్వేయరు కొలిచి ఇచ్చే పత్రం తీయండి. మీ దగ్గర లేకపోతే సిటీ ఆఫీసులో కాపీ ఉందేమో అడగండి.

ఇల్లు ఆ మ్యాపు కన్నా పాతదైతే 50 శాతం రూల్ చూసుకోవాలి. చేయించే పని ఖర్చు ఇంటి మార్కెట్ విలువలో సగానికి చేరితే, మొత్తం ఇంటినీ ఇప్పటి రూల్స్ ప్రకారం ఎత్తు చేయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ లెక్కలో స్థలం ధర ఉండదు. మా పాత ఇంట్లో వంటగది, కింది బాత్రూమ్ చేయించినప్పుడు పర్మిట్ ఆఫీసు కాంట్రాక్టర్ ఎస్టిమేట్‌తో పాటు కట్టడం విలువ ఒక్కటే అడిగింది. ఏటా వచ్చే అప్రైజల్ నోటీసులో 'ల్యాండ్', 'ఇంప్రూవ్‌మెంట్' అని విడివిడిగా ఉంటాయి కదా, రెండోదే కావాల్సింది. అది 2 లక్షల డాలర్లయితే మీ హద్దు లక్ష. పర్మిట్లు రెండుగా చీల్చి, ఒకటి ఈ ఏడు, ఇంకోటి వచ్చే ఏడు తీసుకుందామన్నాడు మా కాంట్రాక్టర్. వద్దన్నాం. కొన్ని సిటీలు కొన్నేళ్ల పనులన్నీ కలిపి లెక్కేస్తాయి. పైగా తేడా వచ్చాక ఇలాంటి సలహా ఇచ్చినవాళ్లు ఫోన్ ఎత్తరు.

సిటీ ఎందుకు మారుస్తోందంటే, 1968లో మొదలైన జాతీయ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకంలో ఒప్పందమే అది. సిటీ కనీస నిబంధనలు అమలు చేస్తేనే అక్కడి ఇళ్లకు ఆ ఇన్సూరెన్స్ దొరుకుతుంది. కొత్త మ్యాపు ఖరారైనట్టు ఫీమా లేఖ వచ్చాక ఆరు నెలల్లో సిటీ తన ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) సరిచేసుకోవాలి. లేకపోతే పథకం నుంచి సిటీకి సస్పెన్షన్. అప్పుడు ఆ పథకంలో కొత్త పాలసీలుండవు, పాతవి రెన్యూ కావు, ముంపు జోన్‌లో ఇల్లు కొనేవాళ్లకు ఫెడరల్ హామీ ఉన్న లోన్ దొరకదు. అమ్ముకోవాలనుకునేవాళ్లకి అదొక పెద్ద టెన్షన్. కాబట్టి ఆ కనీస భాగం మీద కౌన్సిల్‌లో ఎంత వాదించినా లాభం లేదు.

వాదించాల్సింది సిటీ తనంతట తాను పైన కలిపే షరతుల గురించి. 2017 హార్వీ వరద తర్వాత హ్యూస్టన్ నగరం కనీసంతో ఆగలేదు. 2018 సెప్టెంబరు 1 నుంచి ముంపు ప్రాంతాల్లో కట్టే కొత్త ఇళ్ల నేల 500 ఏళ్ల వరద (ఏటా 0.2 శాతం అవకాశమున్నది) మట్టానికి రెండడుగులు పైన ఉండాలంది. మీ డ్రాఫ్ట్‌లో అలాంటివి ఏమున్నాయో, 50 శాతాన్ని ఎన్నేళ్లకు కలిపి లెక్కేస్తారో చదవండి. పబ్లిక్ హియరింగ్‌లో అడగడానికి మొహమాటపడకండి, మనవాళ్లు అక్కడికి వెళ్లడమే తక్కువ. అన్నట్టు, ఇలాంటి అదనపు షరతుల వల్ల సిటీకి సీఆర్ఎస్ (కనీసానికి మించి చేసే సిటీలకు ఫీమా ఇచ్చే కమ్యూనిటీ రేటింగ్ సిస్టమ్) రేటింగ్ మెరుగైతే ఊళ్లో అందరి ఫ్లడ్ ప్రీమియం 5 నుంచి 45 శాతం దాకా తగ్గొచ్చు.

పెద్దవాళ్ల గదికి మేం చేసింది చెప్తాను. హాలు పక్కనున్న ఫార్మల్ డైనింగ్‌కి ఒక గోడ కట్టించి తలుపు పెట్టించాం. అది ఇంటి ప్రధాన నేల మట్టంలోనే ఉంటుంది కనుక గ్యారేజీ చిక్కు రాదు, ఖర్చూ తక్కువ. పర్మిట్ మాత్రం దీనికీ తీసుకోవాలి, పడకగది అంటున్నారు కాబట్టి కిటికీ సైజు కూడా అడుగుతారు.