ఆర్ (రివర్స్) వేసినా ఎలక్ట్రిక్ కారు ముందుకే వెళ్తే

కారు పూర్తిగా ఆగకముందే గేర్ నాబ్ తిప్పి ఉంటారు. గంటస్తంభం దగ్గర సందులో యూటర్న్ కొడుతూ ఆర్ వేసినా మీ కారు ముందుకే కదిలిందని, ఇలాంటి గేర్‌ని నమ్మొచ్చా అని అడిగారు కదా. కారు కదులుతున్నా, బ్రేక్ మీద కాలు లేకపోయినా చాలా ఈవీలు (ఎలక్ట్రిక్ కార్లు) గేర్ మార్చవు.

1. బ్రేక్ గట్టిగా తొక్కి పూర్తిగా ఆపండి.
2. ఆర్‌కి తిప్పండి.
3. అందరూ వదిలేసేది ఇదే: నాబ్‌ని కాదు, డిస్‌ప్లేలో అక్షరం చూడండి. చాలా నాబ్‌లు తిప్పాక మళ్లీ మధ్యకే వచ్చేస్తాయి. ఆర్ కనిపించాకే బ్రేక్ వదలండి. ఈవీలో రివర్స్ అంటే మోటారు వెనక్కి తిరగడమే, చప్పుడును బట్టి పోల్చుకోలేం.

ఆ గేర్‌ని నమ్మొచ్చా అంటే, సగమే. ముందుకెళ్లే డీనా, వెనక్కెళ్లే ఆరా అని కారే ఊహించే సదుపాయం కొన్ని టెస్లా కార్లలో ఉంది, అక్కడా స్క్రీన్ చూసుకోవాల్సింది డ్రైవరే.

ఇలా చేసినా ఆర్ పడకపోతే బ్రేక్ తొక్కినప్పుడు బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. వెలగకపోతే బ్రేక్ స్విచ్ (బ్రేక్ తొక్కినట్టు కారుకు తెలిపేది) చెక్ చేయించండి.