సైటోకైన్ల మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవి హరితకు,

కడప నుంచి ఆశీస్సులు. నువ్వు కర్నూలు నుంచి పంపిన 'మెదడులో మంట' వ్యాసం చదివాను. వాక్యం నడక బాగుంది. పాఠకుడిని చివరిదాకా చదివించే చెయ్యి నీది. అయితే ఆ చదివించే గుణం కోసమే కాబోలు, సైటోకైన్లను, అంటే రోగనిరోధక కణాలు తమలో తాము కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లను, మొదటి పేరాలోనే మెదడు జబ్బులకు దోషులుగా నిలబెట్టేశావు. యజమానినే కరిచిన కాపలాకుక్క అన్న నీ పోలిక ఆకట్టుకునేదే గాని, దాన్ని వదిలెయ్యమనే నా సలహా. కరిచిన కుక్క కరిచినట్టే లెక్క. సైటోకైన్ చేసే పని మాత్రం అది కణం మీద కబురు అందుకునే ఏ గ్రాహకానికి అంటుకుంది, జబ్బు ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసిన టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్ సంగతే చూడు. ఇది కణపు పొరను అంటిపెట్టుకుని ఒక రూపంలో, పొర నుంచి తెగి ద్రవంలో కలిసి మరో రూపంలో ఉంటుంది. తెగివచ్చినది ప్రధానంగా టీఎన్‌ఎఫ్‌ఆర్-1 గ్రాహకం ద్వారా ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే నీ శీర్షికలోని ఆ మంటను, పెంచుతుంది, కణాన్ని చావుదాకా నెట్టగలదు. పొరమీద ఉన్నది టీఎన్‌ఎఫ్‌ఆర్-2ను బలంగా ప్రేరేపిస్తుంది. ఎలుకల్లో నాడీతంతువుల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు దెబ్బతిన్నాక మళ్లీ ఏర్పడటానికి ఈ రెండో గ్రాహకం అవసరమని 2001లోనే తేలింది. ఆ తొడుగే దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే లెనెర్సెప్ట్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 1999లో వెలువడ్డాయి. జబ్బు తిరగబెట్టడం తగ్గకపోగా, మందు తీసుకున్నవారిలోనే ఎక్కువైంది. కీళ్లవాతంలో ఫలించిన ఉపాయమే నాడీమండలం దగ్గరికి వచ్చేసరికి బెడిసికొట్టింది. నీ వ్యాసానికి ఆయువుపట్టు ఇక్కడుంది, దీనికి కనీసం ఒక పుటైనా కేటాయించు.

ఇక కారణం, పర్యవసానం అన్నవాటిని నువ్వు కలగాపులగం చేసిన చోటు. పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదడులో, కదలికలను అదుపుచేసే సబ్‌స్టాన్షియా నైగ్రా ప్రాంతంలో, చురుకెక్కిన మైక్రోగ్లియాను, అంటే మెదడులోని రోగనిరోధక కణాలను, మెక్‌గీర్ బృందం 1988లో చూపించింది. అది నిజమే, కాని నాడీకణాలు చచ్చినందుకు మైక్రోగ్లియా చురుకెక్కిందా, అది చురుకెక్కినందుకు ఇవి చచ్చాయా అన్నది మరణానంతర పరీక్ష చెప్పజాలదు. అందుకే ట్రెమ్-2 జన్యువును ప్రస్తావించకుండా ఈ వ్యాసం నిలబడదు. మైక్రోగ్లియా మీద ఉండే ఒక గ్రాహకాన్ని తయారుచేయించే ఈ జన్యువులోని ఒక అరుదైన మార్పు మతిమరుపు జబ్బయిన ఆల్జీమర్స్ ముప్పును పెంచుతుందని 2012 చివర్లో బయటపడింది. జన్యువు పుట్టుకతో వచ్చేది కనుక దాన్ని జబ్బు పర్యవసానమని తోసిపుచ్చలేము. పైగా ఆ మార్పు మైక్రోగ్లియా పనితనాన్ని తగ్గిస్తుంది. రోగనిరోధక కణాలు అతిగా విజృంభించడమే జబ్బు అన్న నీ వాదనకు ఇది నేరుగా అడ్డం వస్తుంది, దాటవేయకు.

నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాల మీద పేరా బాగానే కుదిరింది. ఐఎల్-1 ఆల్ఫా, టీఎన్‌ఎఫ్, సీ1క్యూ అనే మూడు రోగనిరోధక ప్రోటీన్లూ కలిసి వాటిని నాడీకణాలకు హానికరంగా మారుస్తాయన్న 2017 నాటి ఫలితం ఎలుకల్లో, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వచ్చిందని మాత్రం చేర్చు.

నీ ముగింపు నన్ను కలవరపెట్టింది. 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గితే మతిమరుపు ఆగుతుంది' అని అచ్చులో చూసిన పెద్దాయన పాతబస్టాండు మందులషాపుకు పోయి, చీటీ లేకుండానే నొప్పిమాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకుంటాడు. ఆ ఆలోచనను పరీక్షించి చూశారు. ఆల్జీమర్స్ ఉన్న కుటుంబాల నుంచి 70 ఏళ్లు, ఆపైబడిన 2,500 మందికి పైగా ఎంపిక చేసి, కొందరికి నాప్రోక్సెన్, కొందరికి సెలికాక్సిబ్ అనే నొప్పిమాత్రలు, మిగిలినవారికి మందులేని మాత్ర ఇచ్చిన అడాప్ట్ అధ్యయనంలో, గుండెకు ముప్పు ఉండవచ్చన్న ఆందోళనతో 2004 డిసెంబరులో మందులు ఆపేశారు; జబ్బు నుంచి రక్షణ రుజువు కాలేదు. మూత్రపిండాలకు, కడుపుకు ఆ మాత్రలు చేసే చేటు సరేసరి.

కాబట్టి ఆ ముగింపు కొట్టేసి, అడాప్ట్ సంగతి అక్కడ పెట్టు. టీఎన్‌ఎఫ్ రెండు రూపాలనూ, వాటికెదురుగా రెండు గ్రాహకాలనూ చూపే బొమ్మ ఒకటి గీయించి, సవరించిన ప్రతితోపాటు పంపు. సంక్రాంతి సంచికకు ఇంకా వ్యవధి ఉంది, తొందరేమీ లేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి